ఫ్లేర్ కింది సగం సంతకం

“సచ్చినోడు ఎట్లాగూ మాట్లాడడు టిమోతీ. నువ్వు బతికే ఉన్నవ్. నోరు తెరువ్.”

లాకప్ ఊచలకు ఇవతల నిలబడి కామాక్షి ఆ మాట మూడోసారి అంది. మొదటిసారి నెమ్మదిగా చెప్పింది, రెండోసారి కాస్త గట్టిగా. మూడోసారి గొంతుకు టేబుల్ దగ్గర రాసుకుంటున్న కానిస్టేబుల్ తలెత్తి చూశాడు.

బుధవారం. గోడ గడియారం పదకొండు పది చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి టిమోతిని జడ్జి ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలే. బయట బెంచీ మీద అతని భార్య షైనీ కూర్చుని ఉంది. తెల్లవారకముందే ఉప్పల్‌లో కామాక్షి ఆఫీసు తలుపు కొట్టి, “మా ఆయన మనిషిని చంపలేదు, ఆ మాట ఎవరితోనన్న అనిపియ్యుండ్రి మేడం” అని పిలుచుకొచ్చింది ఆమే.

టిమోతికి నాచారం పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు ఉంది. కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తాడు. కుర్రకారు ముచ్చటపడి తెచ్చే బండ్లకు వైడ్ బాడీ కిట్లు బిగిస్తాడు. చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా పెట్టి, వాటి మీది రేకు కోసి ఫ్లేర్లనే వెడల్పాటి రెక్కలు కూర్చడం అతని పనితనం. అట్లాంటి తెల్ల కారొకటి మంగళవారం పొద్దున ఆరు ఇరవైకి హన్మయ్య అనే వాచ్‌మన్‌ను గుద్దింది. రాత్రి డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్న మనిషి. ఎనిమిదింటికి దవాఖానాలో ప్రాణం పోయింది. కారు ప్రశాంత్ అనే బిల్డర్ కొడుకుది. శనివారం నుంచి కారు టిమోతి షెడ్డులోనే ఉందనీ, తాళాలు కూడా అతని దగ్గరే ఉన్నాయనీ ప్రశాంత్ చెప్పాడు. పోలీసులకు అంతకంటే ఇంకేం కావాలి?

“బండి నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?”

“శనివారం పొద్దుగాల మేడం.” ఈసారి అతను పలికాడు. పని గురించి అడిగితే అతని నోరు లేస్తుందని కామాక్షికి అర్థమైంది.

“ఏం కిట్ అది?”

“రెండు తీర్లుంటయ్. ఒకటి గమ్ పెట్టి అతికిచ్చి, పుట్టీ కొట్టి, పెయింట్ ఏసేది. మూడు వారాలు పడ్తది గానీ బండితోని పుట్టినట్టే కనిపిస్తది. రెండోది నల్లగనే ఉంచి, పైకెళ్లి స్క్రూలు బిగిచ్చేది. నాలుగు రోజుల్ల అయితది. సెడాన్‌కి మొదటిదే మంచిగుంటది అని చెప్పిన. ప్రశాంత్ ఇనలే. వచ్చే ఆదివారం దోస్తులకు చూపియ్యాలె, స్క్రూలదే కావాలె అన్నడు.”

“సోమవారానికి ఎంత అయింది?”

“ఎన్క రెండు దిక్కుల, ముంగట కుడి దిక్కు. మూడయినయ్. ముంగట ఎడమది మిగిలింది. సాయంత్రం ఏడింటికి ప్రశాంత్ వచ్చి అట్లనే తీస్కపోయిండు. పొద్దుగాల తెస్త అన్నడు.”

“పొద్దుగాల తెచ్చిందెవరు?”

టిమోతి తల దించుకున్నాడు.

“ప్రశాంతేనా?”

“అదొక్కటి అడగకుండ్రి మేడం.”

“అదొక్కటే అడుగుత! బయట నీ పెండ్లాం పొద్దటి నుంచి నీళ్లు కూడ ముట్టలేదు. నీకేమో సిగ్గా, భయమా?”

“అడగకుండ్రి,” అన్నాడు మళ్లీ, గోడవైపు తిరిగి.

“వాడు చెప్పడు కామాక్షక్కా. అబద్ధం అతకడానికి గమ్ ఆరాలె గదా!”

వెనక నవ్వు వినబడింది. ఎస్సై దుర్గేష్. పదేళ్ల క్రితం ఈ మనిషి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పంచనామా ఎట్లా రాయాలో అప్పట్లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న కామాక్షి నేర్పింది. ఇప్పుడామె డిపార్ట్‌మెంట్ వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. అతను మాత్రం ఆమె నేర్పిన వాటిలో సగమే గుర్తుపెట్టుకున్నాడు.

“టిఫిన్ సెంటర్ మీద ఆఫీసంట గదా. ఇడ్లీలు పోయినయని కేసులొస్తున్నయా?”

“వస్తున్నయ్. దొంగనే పట్టుకుంటున్న. ముంగట దొరికినోణ్ని కాదు.”

దుర్గేష్ నవ్వు ఆగింది. చేతిలో ఫైలు తెరిచి ఆమె ముందు పెట్టాడు. “చూడు. గుద్దింది ఎడమ పక్క, కెమెరాల కుడి పక్కనే పడ్డది. రెక్కలు బిగిచ్చి ఉన్నయ్. బండి తయారయినంక ట్రయల్‌కి తీసిండు, గుద్దిండు. ఎడమది మిగిలింది అంటుండు గదా? అబద్ధం. షెడ్డుల కోసిన రేకు ముక్కలు నాలుగు ఏలాడుతున్నయ్. నాలుగో దాని మీద సోమవారం తారీకేసి ప్రశాంత్ సంతకం ఉంది. నిన్న అయిదింటికి నేనే పంచనామా రాసిన. ఓనర్ కూడ పక్కనే ఉండె.”

“ఓనర్‌ను షెడ్డు లోపలికి ఎందుకు తీస్కపోయినవ్?”

“బండి గుర్తుపట్టనీకి.”

“నంబర్ ప్లేటు చదువరాదా నీకు?” కామాక్షి ఫైలు మూయకుండా ఇంకో పేజీ తిప్పింది. “ఇగో, నువ్వు రాసిందే. హన్మయ్య సైకిల్ హ్యాండిల్‌కి తెల్ల పెయింట్ అంటింది. కిట్ నల్లది దుర్గేష్. ఎడమ పక్క నల్ల రెక్క బిగిచ్చి ఉంటే సైకిల్‌కి తెలుపు ఎట్ల అంటుతది?”

“డోర్ తాకి ఉంటది.”

“డోర్ మీద గీత ఉందా?”

దుర్గేష్ ఫైలు లాక్కున్నాడు. “నాలుగింటికి కోర్టు. అందాక ఏం చూసుకుంటవో చూసుకో. షెడ్డుకు సీలు కూడ ఎయ్యలె.”

“అదే నా కడుపుమంట,” అని కామాక్షి బయటికి నడిచింది.

* * *

షైనీ షట్టర్ ఎత్తేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. షెడ్డు వెనక గోడకు అడ్డంగా ఒక ఇనుప తీగ కట్టి ఉంది. దాని మీద అర్ధచంద్రాకారపు రేకు ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ ఏదో ఒక కారు చక్రం మీద నుంచి కోసి తీసినదే. ఎరుపు, నీలం, వెండి రంగులు. చివర నాలుగు తెల్లవి.

“ఇవన్నీ దాచుడెందుకు? తుక్కుకు ఎయ్యొచ్చు గదా?”

“ఎయ్యడు మేడం. రెండేండ్ల కింద ఒక పిలగాడు బండి కోపిచ్చుకున్నడు. వాళ్ల నాయిన వచ్చి, ఎవడు కొయ్యమన్నడు అని మనుషులను తెచ్చి షాపంత పగలగొట్టిండు. ఆ పిలగాడు నేను చెప్పలేదన్నడు. కోసిన రేకు మళ్ల అతకదు గదా. అప్పటి సంది ఈయన ఒక పద్ధతి పెట్టిండు. కోసే ముందు బండి ఎవలు తెస్తే వాళ్లు ఆ రేకు మీదనే మార్కర్‌తోని సంతకం పెట్టాలె. తారీకు, టైము ఈయన రాస్తడు.”

కామాక్షి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి తెల్లవాటిలో మొదటి ముక్క దగ్గరికి జరిగింది. ప్రశాంత్ సంతకం పైభాగం లేదు. రేకు కోసే గ్రైండర్ సంతకం మధ్య నుంచే పోయింది. అక్షరాల కింది భాగాలు మాత్రం మిగిలాయి. రెండో ముక్క కూడా అంతే. మూడోదీ అంతే.

నాలుగో ముక్క మీద సంతకం నిండుగా ఉంది. తల నుంచి తోక దాకా, అంచుకు నాలుగు వేళ్ల దూరంలో. కింద సోమవారం తారీకు.

“షైనీ, సంతకం ఏడ పెట్టమంటడు మీ ఆయన?”

“కోసే గీత మీద. సగం పైకి, సగం కిందికి రావాలె. ముక్క ఎవడన్న మార్చినా, బండికున్న సగంతోని కలవాలె గదా అంటడు.” చెబుతూనే షైనీ నాలుగో ముక్కను చూసి ఆగిపోయింది. “ఇదేంది, ఇది కోసినంక పెట్టిన సంతకం!”

కామాక్షి ముక్కను చేతిగుడ్డతో పట్టుకుని తిప్పింది. వెనకవైపు వేలు మందాన పాత పుట్టీ పెచ్చులు కట్టి ఉంది. మిగతా మూడింటి వెనక శుభ్రమైన రేకు. కొత్త కారుకు ఇంత పాత పుట్టీ ఉండదు. మూల ఉన్న తుక్కు డ్రమ్ములో అదే తెలుపు ముక్కలు ఇంకో రెండు కనిపించాయి, వేరే కారువి.

“సంతకం పెట్టినంక ప్రశాంత్ ఏడ ఉంటడు? కోస్తుంటె చూస్తడా?”

“అయ్యో, దుమ్మని ఎల్లిపోతడు. బయట ఇంకో కార్ల ఏసీ ఏసుకొని, ఫోన్ చూస్కుంట కూసుంటడు.”

కామాక్షికి విషయం పూర్తిగా అర్థమైంది. ప్రశాంత్ మూడుసార్లు సంతకం పెట్టాడు. మూడుసార్లూ తన సంతకం నిండుగా ఉన్నప్పుడే చూశాడు. కోసిన తర్వాత సగమే మిగులుతుందని అతనికి తెలియదు, హడావిడిలో పక్క ముక్కలూ సరిగ్గా చూడలేదు. నిన్న దుర్గేష్ పంచనామా రాసుకుంటూ ఉంటే ప్రశాంత్ డ్రమ్ములోంచి ఒక ముక్క తీసి, సోమవారం తారీకేసి సంతకం గీకి, తీగకు తగిలించాడు. అసలు ముక్క మాయం చేశాడు. పోలీసు కళ్ల ముందే!

“ఎస్సై అంట, ఎస్సై!” పళ్లు కొరికింది. “షైనీ, అసలు ముక్క పోయింది. మరి మిగతా సగం?”

“బండికే ఉంటది మేడం. ఎడమ ఫ్లేర్ కింద. ఈయన తుడవడు. స్క్రూలు ఊడదీస్తే కనిపిస్తది.”

“స్క్రూలదే కావాలె అని మొండికేసినందుకు ప్రశాంత్‌కు దండం పెట్టాలె. గమ్‌దయితే పగలగొట్టాల్సి వస్తుండె.”

షట్టర్ దించుతూ షైనీ అంది, “ఈ గిరాకీని తెచ్చింది మా నాయినే. దేవానందం. వాళ్లింట్ల పన్నెండేండ్ల సంది డ్రైవర్. అల్లునికి పని దొరుకుతదని తెచ్చిండు. ఇప్పుడు మొకం చూపియ్యనీకి సిగ్గేమో, నిన్నటి సంది ఫోన్ ఎత్తుతలేడు.”

కామాక్షి అప్పుడే వాచీ చూసుకుంటోంది. ఆ మాట చెవిలో పడింది కానీ బుర్రకెక్కలేదు. తర్వాత దానికి తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో.

* * *

“సీజ్ చేసిన బండి. ముట్టుకుంటే ఊకోను,” అన్నాడు దుర్గేష్.

స్టేషన్ వెనక ఆవరణలో తెల్ల కారు ఎండలో నిలబడి ఉంది. నాలుగు చక్రాల మీదా నల్ల రెక్కలు.

“నేను ముట్టుకోను. నువ్వే విప్పియ్యి. నీ కానిస్టేబుల్ వీడియో తీస్తడు.”

“పై పర్మిషన్ కావాలె.”

“అడుగు. లేకుంటే నాలుగింటికి కోర్టుల నేను అడుగుత. నీ పంచనామాల నాలుగో ముక్క వేరే బండిదని, దాన్ని నీ పక్కన నిలబడ్డోడే తగిలిచ్చిండని వీడియో చూపిస్త. జడ్జిగారు నవ్వుతరో తిడ్తరో నీ అదృష్టం.”

“బెదిరిస్తున్నవా?”

“హన్మయ్య పెండ్లాం ఉప్పలమ్మ పొద్దున మార్చురీ దగ్గర ఉంది. నువ్వు పోయినవా? పోలె. నేను పోయిన. పట్టుకున్నోడే చంపిండా అమ్మా అని నన్నడిగింది. నీ ముంగట గాజులు పెట్టుకొని నిలబడ్డ అని నన్ను అల్కగ చూడకు దుర్గేష్. ఆమెకు నేను జవాబు చెప్పాలె.”

దుర్గేష్ పక్కకు వెళ్లి ఫోన్ చేశాడు. పావుగంట మాట్లాడాడు. తిరిగొచ్చినప్పుడు మొహం మాడిపోయి ఉంది. పక్కనున్న జిరాక్స్ షాపు నుంచి సాక్షులుగా ఇద్దరు పంచులను పిలిపించి, టిమోతిని లాకప్ నుంచి బయటికి తెచ్చారు. రెండు దాటి అయిదు నిమిషాలు.

“ఇగో అలెన్ కీ. విప్పు,” అన్నాడు దుర్గేష్.

టిమోతి కారు ఎడమ పక్కను చూశాడు. షైనీని చూశాడు. రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నాడు.

“నేను విప్ప.”

“ఏందీ?” కామాక్షి అరిచినంత పని చేసింది. “నీ కోసం పొద్దటి నుంచి తిరుగుతున్న. నీ పద్ధతే నిన్ను బయటపడేస్తది. విప్పు!”

“వద్దు మేడం. మీకు దండం పెడ్త. నన్ను కోర్టుకు పంపుండ్రి.”

దుర్గేష్ పెదవి వంకరైంది. “చూసినవా అక్కా? తప్పు చేసినోడే ఇట్లంటడు.”

షైనీ ముందుకొచ్చింది. దుర్గేష్ చేతిలోని అలెన్ కీ లాక్కుని చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. “సెలవున్న దినమంత షెడ్డుల నేనే స్క్రూలు బిగిచ్చిన సార్. నాకొస్తది.”

“షైనీ, ముట్టకు!” టిమోతి ముందుకు దూకబోయాడు. ఇంకో కానిస్టేబుల్ అతని భుజం పట్టుకున్నాడు.

“నోర్ముయ్. నిన్నటి సంది మూసుకున్నవ్ గదా, ఇంకింతసేపు మూసుకో.”

పది స్క్రూలు. ఒక్కొక్కటీ తీసి కొంగులో వేసుకుంది. చివరిది ఊడగానే రెక్కను రెండు చేతులతో పైకెత్తి లాగింది.

రేకు లోపలికి సొట్టపోయి ఉంది. కోసిన అంచుకు పైన జానెడు మేర పెయింట్ లేచిపోయింది. గుద్దిన తర్వాతే కోశారు, కోసిన తర్వాతే రెక్క బిగించారు. ఇంకెవరూ కాదనలేరు. సొట్ట పక్కన టిమోతి చేతిరాత: మంగళవారం, 8.10. దాని కింద ఏటవాలుగా ఒక పేరు మొదలై, కోత దగ్గర తెగిపోయింది.

దేవానం.

గీకిన సంతకం కాదది. ఒక్కో అక్షరం విడివిడిగా, ఒత్తిపెట్టి రాసిన పేరు. బడి ముఖం చూడని మనిషికి, యాభై దాటాక చేయి పట్టి, చర్చి వెనక గదిలో పలక మీద కూతురు నేర్పిన అక్షరాలు. షైనీ వాటి మీద వేలు పెట్టబోయి వెనక్కు తీసుకుంది.

“ఎవడు ఈ దేవానం?” అన్నాడు దుర్గేష్.

కామాక్షి కళ్లు మూసుకుంది. షట్టర్ దగ్గర చెవిలో పడిన మాట ఇప్పుడు బుర్రకెక్కింది.

షైనీ లేచి నిలబడింది. “దేవానందం. మా నాయిన. రాసుకోండి సార్. నా మొగనికి తాళాలిచ్చింది ప్రశాంత్ కాదు, మా నాయిన. మంగళవారం ఎనిమిది పదికి.” మాట తడబడలేదు.

కామాక్షి టిమోతి వైపు తిరిగింది. “ఇప్పుడన్న చెప్తవా?”

అతను నేల మీద కూలబడ్డాడు. “మంగళవారం పొద్దుగాల ఏడింటికి మామకు ప్రశాంత్ ఫోన్ చేసిండంట మేడం. బండి స్తంభానికి తాకింది, వచ్చి తీస్కపోయి ఆ రేకు కోపిచ్చెయ్ అన్నడంట. మామ అట్లనే తెచ్చిండు. నేను కోసిన. మధ్యాహ్నం పోలీసులొస్తున్నరని తెలిసినంక మామ నా కాళ్లు పట్టుకున్నడు. నా పేరు చెప్పకు బిడ్డా, చెప్తే డ్రైవర్‌నే గదా, నన్నే నడిపిన అంటరు అన్నడు. నేను మాటిచ్చిన.”

“మాటిచ్చినవా! ఎవని నెత్తి మీద చెయ్యి పెట్టి ఇచ్చినవ్, సచ్చినోని నెత్తి మీదనా?” కామాక్షి అరిచింది. అరుస్తూనే ఆమెకు తెలుసు, ఆ ముసలాయన సరిగ్గానే భయపడ్డాడని.

దుర్గేష్ ఫోన్ మోగింది. అతను “సార్”, “సార్” అంటూ విన్నాడు. వింటూ వింటూ నిటారుగా నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక మొహంలో మళ్లీ ఆ నవ్వు.

“కంగ్రాట్స్ అక్కా. నీ టిమోతి ఇంటికి పోవచ్చు. దేవానందం వకీలును ఎంటబెట్టుకొని గిప్పుడే కోర్టుల లొంగిపోయిండు. బండి నేనే నడిపిన, నేనే గుద్దిన అన్నడంట.”

షైనీ చేతిలోని రెక్క కింద పడింది.

“వకీలు ఎవల మనిషి?” కామాక్షి అడిగింది, జవాబు తెలిసి కూడా.

“ఎవలయితే ఏంది? మనిషి ఒప్పుకున్నడు. ఇగో, బండి ఆయన చేతుల ఉండె అని సంతకం కూడ దొరికె. నువ్వే దొరికిచ్చినవ్. వీడియో కూడ ఉంది.”

కామాక్షికి చెంప మీద కొట్టినట్టయింది. పొద్దటి నుంచి తను తవ్వి తీసిన సాక్ష్యం ఆ ముసలాయన మెడకే ఉరితాడై చుట్టుకుంది. ప్రశాంత్ ఏసీలో కూర్చుని ఇంకోసారి వేరేవాళ్లతో దుమ్ము తుడిపించుకున్నాడు.

“ఆయన కాదు.”

టిమోతి లేచి నిలబడ్డాడు. కానిస్టేబుల్ చేతిని విదిలించుకుని కారు ముందుకు వచ్చి, వీడియో తీస్తున్న ఫోన్‌కు ఎదురుగా నిలబడ్డాడు.

“మా మామ కాదు. నేనే నడిపిన. సోమవారం రాత్రి బండి నా దగ్గరనే ఉండె. ఆరు ఇరవైకి ఆ పెద్దమనిషిని నేనే గుద్దిన. రాసుకో సార్.”

“నీకు పిచ్చిలేసిందా!” షైనీ అతని చొక్కా పట్టుకుని గుంజింది. “ఒకణ్ని ఇడిపియ్యనీకి ఒకరు పోతరా? మీ ఇద్దరికీ నేను కనపడ్తలేనా?”

“కనపడ్తున్నవ్ కాబట్టే.”

దుర్గేష్ విసుక్కుంటూ చెయ్యి ఊపాడు. “ఏయ్, వీడియో ఆపు. వీని డ్రామా మనకెందుకు.”

“ఆపకు!” కామాక్షి గొంతుకు వీడియో తీస్తున్న కానిస్టేబుల్ వేలు గాలిలోనే ఆగింది. ఆమె దుర్గేష్‌కు అడుగు దూరంలోకి వచ్చి నిలబడింది. కోపం ఇప్పుడు అరుపుగా రాలేదు. “ఆపినవనుకో, ఎక్కడ ఆపినవో, ఎవరు ఆపమన్నరో అందులనే ఉంటది. ఇద్దరు పంచులు ఇన్నరు. అక్కడ కోర్టుల ఒకడు నేనే నడిపిన అన్నడు. ఇక్కడ స్టేషన్‌ల ఇంకొకడు నేనే నడిపిన అన్నడు. రాయి దుర్గేష్. రెండూ రాయి.”

“ఒకటే బండి, ఇద్దరెట్ల…”

“అదే గదా. ఒక్క స్టీరింగ్ ముంగట ఇద్దరిని ఎట్ల కూసోబెడ్తవో నాలుగింటికి జడ్జిగారికి నువ్వే చెప్పు. చెప్పలేకపోతే, ప్రశాంత్ చేసిన ఆ ఏడు గంటల ఫోన్ ఏ టవర్ కింద నుంచి వచ్చిందో, అప్పుడు బండి ఎవని దగ్గర ఉండెనో తీపియ్యమని నేను అడుగుత.”

దుర్గేష్ ఫైలు మీద కాగితం పెట్టి పెన్ను తీశాడు. పెన్ను కాగితం మీద ఆనింది, కానీ కదల్లేదు.

రెండు నలభై.